అమ్మ సంస్మరణ కార్డులో ఆమె పరుగుకు చోటు ఉండకూడదా?

బెజవాడ_రైలుబిడ్డ
వచ్చే నెలలో మా అమ్మ సంవత్సరీకం. పెద్దకర్మ నాడు పంచిన కార్డులోనూ, వీధి మొగదల కట్టిన ఫ్లెక్సీలోనూ మా బంధువులు ఆమెను "ఆదర్శ గృహిణి, అన్నపూర్ణ, అతిథి సేవకు మారుపేరు" అని రాయించారు. ఆ మాటల్లో అబద్ధమేమీ లేదు. అయితే మా అమ్మ 1978లో క్రీడాకారుల కోటాలో రైల్వేలో గుమస్తాగా చేరింది. 400 మీటర్ల పరుగును నిమిషం లోపు పూర్తి చేసింది. రైల్వే పాసుల మీద కన్యాకుమారి నుంచి జమ్మూ దాకా దేశం చూసింది. 50వ ఏట మొదటిసారి హిమాలయం ఎక్కింది, 56వ ఏట కైలాసం చుట్టూ కాలినడకన తిరిగి వచ్చింది. వీటిలో ఒక్కటి కూడా ఆ కార్డులో లేదు.

ఈసారి కార్డు నేను రాస్తానంటే మా మేనమామ ఒప్పుకోవడం లేదు. "ఆడపిల్ల నిక్కరు వేసుకుని పరుగెత్తిందని పోయాక కూడా ఊరంతా చాటాలా?" అన్నారు. తమ్ముడేమో పాత కార్డులోనే తేదీ మార్చి వేయించేద్దామంటున్నాడు. మీ ఇళ్లలో ఇలాంటిది ఎదురైతే ఏం చేశారో, అసలు అలాంటి కార్డులో ఏం రాయవచ్చో చెప్పండి.

మెట్లదారి
రాయండి. అడగవలసిన అవసరం కూడా లేదు. కూతురికి లేని హక్కు ఇంకెవరికి ఉంటుంది?

కృష్ణాతీరం
హక్కు సంగతి అలా ఉంచండి, మేనమామగారి మాటను కూడా ఒక్కసారి ఆలోచించాలి. ఆయన తరంలో అక్క పరుగెత్తినందుకు ఊళ్లో ఎన్ని మాటలు పడ్డారో మనకు తెలియదు. సంవత్సరీకం కార్డు అంటే తిథి, వేళ, భోజనాల చోటు చెప్పే కాగితం. జీవిత చరిత్ర రాయాలనుకుంటే విడిగా ఒక చిన్న పుస్తకం వేయించి పంచితే ఎవరూ కాదనరు.

బెజవాడ_రైలుబిడ్డ
@కృష్ణాతీరం, "అన్నపూర్ణ" అని రాయడానికి కార్డులో చోటు ఉన్నప్పుడు "క్రీడాకారిణి" అని రాయడానికి చోటు లేకపోవడమే నా బాధ. పుస్తకం వేయిస్తే చదివేది మేము నలుగురమే. కార్డు మూడు వందల ఇళ్లకు వెళుతుంది.

పీఈటీ_మాస్టారు
నేను ముప్పై ఒక్క ఏళ్లు జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేసి విరమించాను. మీ అమ్మగారు ఏ సంవత్సరంలో పుట్టారో చెప్పగలరా? 400 మీటర్లు నిమిషం లోపు అని మీరు ఒక్క వాక్యంలో రాసేశారు. ఆ రోజుల్లో, మన మట్టి ట్రాకుల మీద, అది ఎంత పెద్ద మాటో ఇక్కడ చాలామందికి తెలిసి ఉండదు.

బెజవాడ_రైలుబిడ్డ
1956లో, గుడివాడ దగ్గర పల్లెటూళ్లో పుట్టింది మాస్టారూ. నిమిషం లోపు పరుగెత్తింది 1979లో. ఆమె నోటుపుస్తకంలో 59.8 అని రాసి, చుట్టూ రెండుసార్లు సున్నా చుట్టుకుంది.

పీఈటీ_మాస్టారు
అయితే ఒక లెక్క చెబుతాను. 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో స్త్రీలకు 800 మీటర్ల పరుగు పెట్టి, పరుగు ముగిశాక కొందరు అలిసి కూలబడ్డారన్న వంకతో దాన్ని ఎత్తేశారు. అప్పటి నుంచి 1960 రోమ్ వరకు ఒలింపిక్స్‌లో ఆడవాళ్లకు 200 మీటర్లను మించిన పరుగే లేదు. మీ అమ్మగారు ఎత్తుకున్న 400 మీటర్లు స్త్రీల కోసం ఒలింపిక్స్‌లో మొదటిసారి జరిగింది 1964లో, టోక్యోలో. అప్పటికి ఆవిడకు 8 ఏళ్లు. కమల్‌జీత్ సంధు అదే పరుగులో 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో గెలిచి, వ్యక్తిగత పోటీలో ఆసియా స్వర్ణం తెచ్చిన తొలి భారతీయ మహిళ అయ్యే నాటికి ఆవిడకు 14. అంటే ఆవిడ పరుగు నేర్చుకుంటున్న రోజుల్లోనే, ఆ పరుగు ఆడవాళ్లకు తగినదని ప్రపంచం కూడా ఇంకా నేర్చుకుంటూ ఉంది.

ఇక పరుగు సంగతి. నాలుగు వందల మీటర్లంటే ట్రాకు మీద సరిగ్గా ఒక చుట్టు. మూడు వందలు దాటేసరికి తొడలు బిగుసుకుపోతాయి, కాళ్లు మనవి కానట్టు అవుతాయి, ఊపిరి చాలదు. పిల్లలు ఎక్కువగా ఆగిపోయేది ఆ చివరి వంద మీటర్ల దగ్గరే. నా దగ్గర చురుకైన ఆడపిల్లలు ఎందరో చేరారు కానీ, తొమ్మిదో తరగతికి వచ్చేసరికి సగం మందిని ఇంట్లోవాళ్లు మానిపించేవారు. నిక్కరు గొడవ మీ ఇంట్లోనే కాదమ్మా, ప్రతి ఊళ్లోనూ ఉండేది. లంగా మోకాళ్ల పైకి దోపుకుని పరుగెత్తి జిల్లా స్థాయికి వెళ్లిన పిల్లలను నేను చూశాను. కార్డులో ఆ 59.8 తప్పకుండా వేయించండి.

అక్షరలక్ష్మి
మాస్టారి మాట చదివాక మా అమ్మ లంగా దోపుకుని తొక్కుడుబిళ్ల ఆడిన ఫొటో గుర్తుకు వచ్చింది. ఆ ఫొటో కూడా ఇప్పుడు ఎవరి దగ్గరుందో తెలియదు.

నల్లమల_నడక
హిమాలయం అన్నారు, ఎక్కడికి వెళ్లారు? యాభైలో మొదటిసారి అంటే యాత్రా స్థలమా, ట్రెక్కింగా?

బెజవాడ_రైలుబిడ్డ
2006లో యూత్ హాస్టల్స్ వాళ్ల సర్ పాస్ ట్రెక్. హిమాచల్‌లోని కసోల్ శిబిరం నుంచి, మంచు కనుమ దాటే నడక. పత్రికలో ప్రకటన చూసి, ఇంట్లో ఎవరికీ చెప్పకుండా డబ్బు కట్టేసింది. నాన్నగారికి రసీదు చూపించిన తరువాతే విషయం తెలిసింది. బయలుదేరే ముందు మూడు నెలల పాటు రోజూ తెల్లవారుజామున, సంచిలో ఐదు కిలోల బియ్యం వేసుకుని ఇంద్రకీలాద్రి మెట్లు ఎక్కి దిగేది. గుడికి వెళ్లే ఆడవాళ్లు అది మొక్కు అనుకునేవారట.

నల్లమల_నడక
సర్ పాస్ నేనూ వెళ్లాను కాబట్టి ఒక్క విషయం చెప్పాలి. అది దాదాపు 13,800 అడుగులు. మొదటి రెండు రోజులు కసోల్‌లో ఒంటికి అలవాటు చేయిస్తారు, రాతి మీద ఎక్కడం, తాడు పట్టుకుని దిగడం నేర్పిస్తారు. పైన శిబిరాల్లో నిప్పు రాజేయకుండానే "క్యాంప్‌ఫైర్" పేరుతో అందరినీ కూర్చోబెట్టి పాటలు పాడిస్తారు, పడుకునే ముందు వేడి బోర్న్‌విటా ఇస్తారు. పాస్ దాటాక మంచు వాలు మీద కూర్చుని జారుతూ దిగాలి. ఇరవై ఏళ్ల కుర్రాళ్లు కూడా అక్కడ అంచున నిలబడి దేవుణ్ణి తలుచుకుంటారు. మీ అమ్మగారు ఎలా దిగారో తెలుసా?

బెజవాడ_రైలుబిడ్డ
తెలుసు. నోటుపుస్తకంలో ఉంది. "చిన్నప్పుడు కాలవ గట్టు మీద నుంచి తాటి మట్ట వేసుకుని జారినట్టే ఉంది. రెండోసారి జారనిస్తారా అని అడిగాను, ఇవ్వలేదు" అని రాసుకుంది.

మెట్లదారి
రెండోసారి జారనిస్తారా అని అడిగిన తల్లిని "అతిథి సేవకు మారుపేరు" దగ్గర ఆపేయడం అన్యాయం. మా అమ్మ కూడా నడక మనిషే. అలిపిరి మెట్లు 3,550 అని అందరూ చెబుతారు, ఆమె ప్రతిసారీ లెక్కపెట్టుకుంటూ ఎక్కేది. మోకాళ్ల పర్వతం దగ్గరకు వచ్చేసరికి లెక్క తప్పేదని ప్రతి ఏటా బాధపడి, మరుసటి ఏడు మళ్లీ మొదలుపెట్టేది. 71వ ఏట కూడా ఎక్కింది.

గుంతకల్లు_గార్డు
పాసుల సంగతి చెప్పారు కాబట్టి ఇక్కడివాళ్ల కోసం వివరిస్తాను. రైల్వేలో మా బోటి ఉద్యోగులకు చేరిన తరువాత ఐదేళ్ల వరకు ఏడాదికి ఒక పాసు, ఆ తరువాత మూడు పాసులు వస్తాయి. అవి కాక మూడో వంతు ఛార్జీతో ప్రయాణించే పీటీఓలు నాలుగు. చాలామంది వీటిని సొంతూరికి, తిరుపతికి, పెళ్లిళ్లకు వాడుకుంటారు. ఏడాది ముగిసేసరికి వాడకుండా మిగిలిపోయేవి కూడా ఎక్కువే. వాటితో దేశం మొత్తం చూడాలన్న పట్టుదల ఉన్నవాళ్లను నా సర్వీసులో వేళ్ల మీద లెక్కపెట్టగలను, వాళ్లలో ఆడవాళ్లు మరీ తక్కువ. మీ అమ్మగారు ఎక్కడెక్కడికి వెళ్లారు?

బెజవాడ_రైలుబిడ్డ
ఆ రోజుల్లో పాసు ప్రయాణం అయ్యాక ఆఫీసులో తిరిగి ఇచ్చేయాల్సి వచ్చేది కదా, అందుకని ఆమె ప్రతి ప్రయాణాన్నీ పొడవాటి రూళ్ల నోటుపుస్తకంలో ఎక్కించుకునేది. రైలు పేరు, బెర్తు నంబరు, ఏ స్టేషనులో ఏం తిన్నాం, ఎంత ఆలస్యం, కిటికీలోంచి మొదటిసారి చూసినవి ఏమిటి, అన్నీ ఉంటాయి. సిమిలిగూడ స్టేషను గురించి "బ్రాడ్‌గేజీలో ఇంతకన్నా ఎత్తైన స్టేషను లేదని బోర్డు, చలి మాత్రం కాఫీకి సరిపడా" అని రాసింది. డార్జిలింగ్ చిన్న రైలులో ఘూమ్ స్టేషను దగ్గర దిగి, బండి మలుపు తిరుగుతుంటే దానితో పాటు నడిచి మళ్లీ ఎక్కిందట. రామేశ్వరం వెళుతూ పాంబన్ వంతెన మీద మమ్మల్నిద్దరినీ తలుపు దగ్గరకు రానివ్వకుండా, తను మాత్రం కిటికీ చువ్వలు పట్టుకుని వంతెన దాటేదాకా నిలబడే ఉంది.

ఒక సంఘటన మాత్రం నాకే స్వయంగా గుర్తుంది. నాకు ఐదారేళ్లు ఉంటాయి. జీటీ ఎక్స్‌ప్రెస్‌లో ఢిల్లీ వెళుతున్నాం. ఎండాకాలం. ఇటార్సీలో నీళ్లు పట్టుకురావడానికి అమ్మ మరచెంబు తీసుకుని దిగింది. కుళాయి దగ్గర జనం. బండి కదిలింది. నాన్నగారు తలుపు దగ్గర నిలబడి కేకలు వేస్తున్నారు, తమ్ముడు ఏడుపు లంకించుకున్నాడు. నేను కిటికీ చువ్వల్లోంచి చూస్తున్నాను. అమ్మ మొదట నడిచింది. తరువాత మరచెంబు మూత బిగించింది, కుచ్చిళ్లు ఎడమ చేత్తో పైకెత్తి పట్టుకుంది, పరుగు అందుకుంది. ఆ పరుగు నేను అంతకు ముందు ఎప్పుడూ చూడలేదు. తల కదల్లేదు, భుజాలు కదల్లేదు, కాళ్లు మాత్రమే కదిలాయి. మా పెట్టె ఆమెను దాటిపోయింది. పావుగంట తరువాత చివరి పెట్టెల్లోంచి ఒక్కొక్క పెట్టే దాటుకుంటూ నడిచి వచ్చి, నాన్నగారికి మరచెంబు ఇచ్చి, "నూటయాభై మీటర్లు కూడా లేదు, దానికింత గొడవా" అని కూర్చుంది. మూత తీసి చూస్తే చెంబు నిండా నీళ్లు ఉన్నాయి.

డాలస్_గోదావరి
ఈ పోస్టును మా పిల్లలకు చదివి వినిపించాను. మరచెంబు అంటే ఏమిటో వివరించడానికి పది నిమిషాలు పట్టింది.

గుంతకల్లు_గార్డు
సంఘటన గొప్పదే, ఆమె పరుగుకు నా నమస్కారం. కానీ కదులుతున్న బండి ఎక్కే ప్రయత్నంలో కాళ్లు పోగొట్టుకున్నవాళ్లను నా చేతులతో మోసి ప్లాట్‌ఫారం మీదికి చేర్చాను. చదివే పిల్లలు దయచేసి దీన్ని సాహసంగా తీసుకోవద్దు. బండి తప్పితే స్టేషను మాస్టరు గదికి వెళితే చాలు, ముందు స్టేషనుకు కబురు పంపుతారు. ఆమె కూడా రైల్వే మనిషే కాబట్టి ఈ మాట ఒప్పుకునేవారని నమ్ముతున్నాను.

బెజవాడ_రైలుబిడ్డ
@గుంతకల్లు_గార్డు, ఒప్పుకుంది. ఆ తరువాత మమ్మల్ని ఎక్కడా నీళ్ల కోసం దిగనివ్వలేదు, తనూ దిగలేదు. మరుసటి ప్రయాణం నుంచి కూజాతో పాటు రెండు పెద్ద డబ్బాలు వెంట వచ్చేవి.

అక్షరలక్ష్మి
అందరూ మెచ్చుకుంటున్న చోట నేను ఒక భిన్నమైన మాట చెప్పబోతున్నాను, నొప్పించాలని కాదు. మా అమ్మ కూడా తిరిగిన మనిషి. అమర్‌నాథ్, ముక్తినాథ్, గోముఖ్, అన్నీ నడిచింది. ఆమె అమర్‌నాథ్‌లో ఉన్నప్పుడు నాకు ఆటలమ్మ పోసింది. నాకు 9 ఏళ్లు. అమ్మమ్మ చూసుకుంది, ఏ లోటూ రాలేదు, అయినా ఆ వారం రోజులూ గుమ్మం వైపు చూస్తూ పడుకున్నాను. ఇప్పుడు అందరూ "మీ అమ్మ ఎంత ధైర్యవంతురాలు" అంటే నాకు గర్వంగానే ఉంటుంది. ఆ గుమ్మం కూడా గుర్తుకు వస్తుంది. మీరు రాయబోయే దానిలో ఇలాంటివి ఏవైనా ఉంటే వాటిని దాచవద్దని నా మనవి. దాస్తే అది కూడా "అన్నపూర్ణ" లాంటి ఫ్లెక్సీయే అవుతుంది.

కృష్ణాతీరం
@అక్షరలక్ష్మి చెప్పినది నిజం. నాన్నలు నెలల తరబడి క్యాంపులకు వెళ్లినప్పుడు గుమ్మం వైపు చూసిన పిల్లలు లేరా అని కూడా ఎవరైనా అడుగుతారు. అదీ నిజమే. రెండు నిజాలూ ఒకే ఇంట్లో ఉంటాయి.

వరినాట్లు
చాలా సేపటి నుంచి చదువుతున్నాను. మా అమ్మ ఏ పరుగు పందెంలోనూ పాల్గొనలేదు. కోదాడ దాటి వెళ్లింది నాలుగైదు సార్లే. కానీ నాట్ల కాలంలో పొద్దుటి నుంచి మునిమాపు దాకా మోకాలి లోతు బురదలో వంగి వెనక్కి నడుస్తూ నాటేది. కోతల్లో మోపు నెత్తిన పెట్టుకుని గట్ల మీద పరుగులాంటి నడకతో కళ్లానికి చేర్చేది. ఆ బలానికి పతకం లేదు, పాసు లేదు. మీ అమ్మగారి గురించి చదువుతూ సంతోషించాను, కానీ ఉద్యోగం ఉన్న తల్లుల సాహసమే సాహసంగా కనబడుతుందేమో అన్న బాధ కూడా కలిగింది.

బెజవాడ_రైలుబిడ్డ
@వరినాట్లు, మీరు అన్నది నూటికి నూరు పాళ్లు నిజం. మా అమ్మమ్మ కూడా నాట్లకు వెళ్లిన మనిషే. అమ్మ కాళ్లలో బలం ఎక్కడిదని ఎవరైనా అడిగితే, అమ్మమ్మ వెనుక గట్ల మీద అన్నం క్యారియరు పట్టుకుని పరుగెత్తడం వల్ల వచ్చిందనేది. ఉద్యోగమూ, పాసులూ లేకపోతే ఆమె ప్రపంచం కూడా గుడివాడ దగ్గరే ఆగిపోయేది. మీ అమ్మగారి గురించి మీరు కూడా రాయండి.

పీఈటీ_మాస్టారు
@వరినాట్లు, 2014 మే 25న, 14 ఏళ్లయినా నిండకుండా ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణ నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామపు కూలి కుటుంబంలోని పిల్ల. సాంఘిక సంక్షేమ గురుకులంలో చదువుతూ, మొదటిసారి రాయి ఎక్కింది మన భువనగిరి కొండ మీద. ఆ అమ్మాయిని పంపడానికి ఒప్పుకున్న తల్లిదండ్రుల ధైర్యాన్ని నేను ఆమె ధైర్యం కంటే తక్కువగా చూడను. గట్ల మీద మోపులు మోసిన తల్లుల కాళ్లే ఆ పిల్లలకు వచ్చాయని నా నమ్మకం.

వరినాట్లు
మాస్టారూ, ఈ మాట మా అమ్మకు చదివి వినిపించాను. "నాకు కొండలొద్దు గాని ఒక్కసారి సముద్రం చూడాలి" అన్నది. సంక్రాంతికి సూర్యలంక తీసుకెళుతున్నాను.

డాలస్_గోదావరి
తల్లి అయ్యాక కొండలెక్కినవాళ్ల గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెబుతాను. 1975 మే 16న ఎవరెస్టు ఎక్కిన మొట్టమొదటి మహిళ, జపాన్‌కు చెందిన జుంకో తబెయి, అప్పటికే ఒక చిన్న పాపకు తల్లి. ఎక్కడానికి 12 రోజుల ముందు మంచు చరియలు విరిగిపడి ఆమె గుడారాన్ని కప్పేస్తే, షెర్పాలు కాళ్లు పట్టుకుని బయటికి లాగారు. జంషెడ్‌పూర్‌కు చెందిన ప్రేమలతా అగర్వాల్ కూతురికి తోడుగా కొండ ఎక్కే పోటీకి వెళ్లి తనే ఆ దారిలో పడ్డారు. 2011లో 48వ ఏట ఎవరెస్టు, 2013 నాటికి ఏడు ఖండాల శిఖరాలూ ఎక్కారు. అరుణాచల్ ప్రదేశ్‌కు చెందిన అన్షు జంసెన్పా, ఇద్దరు పిల్లల తల్లి, 2017 మేలో ఐదు రోజుల వ్యవధిలో రెండుసార్లు ఎవరెస్టు ఎక్కారు. మేనమామగారికి ఈ పేర్లు వినిపించి చూడండి.

మా అమ్మ ఇక్కడికి వచ్చినప్పుడు గ్రాండ్ కాన్యన్‌లో నేత చీర మీద మా అబ్బాయి బూట్లు వేసుకుని మైలున్నర దిగి, మాకంటే ముందు పైకి వచ్చి, బల్ల మీద కూర్చుని పులిహోర పొట్లాలు విప్పింది. ఆమె ఆటగత్తె కాదు. ఆమె ఊళ్లో చెరువు నుంచి బిందెలు మోసిన మనిషి.

కృష్ణాతీరం
పెద్ద పేర్లు చెబితే మేనమామగారు ఒప్పుకుంటారని నాకు అనిపించడం లేదు. "వాళ్లు వేరు, మన ఇల్లు వేరు" అంటారు. ఆయనకు వాళ్ల అక్కనే చూపించాలి. ఆ నోటుపుస్తకం ఆయన చదివారా?

బెజవాడ_రైలుబిడ్డ
@కృష్ణాతీరం, చదవలేదు. నేను కూడా పూర్తిగా చదివింది ఈ నెలలోనే.

@అక్షరలక్ష్మి, మీరు దాచవద్దన్నారు కాబట్టి చెబుతున్నాను. 2012లో అమ్మకు కైలాస మానససరోవర యాత్రలో చోటు వచ్చింది. విదేశాంగ శాఖ నడిపే, లిపులేఖ్ కనుమ మీదుగా వెళ్లే దారి. అప్పుడు నాకు ఏడో నెల. ఏడో నెలలోనే శ్రీమంతం చేయాలని మా అత్తగారి పట్టు. అమ్మ ఢిల్లీ వెళ్లి వైద్య పరీక్షలు నెగ్గి, అక్కడి నుంచే వెళ్లిపోయింది. బంధువులందరూ నా ముందే అన్నారు: "కూతురి కడుపు కంటే కొండ ఎక్కువైందా?" పైకి అమ్మను వెనకేసుకొచ్చాను గానీ, లోపల నాకూ అదే కోపం. తిరిగి వచ్చాక తొమ్మిదో నెలలో తనే శ్రీమంతం చేసింది, ఐదు రకాల చలిమిడి చేసి ఒళ్లో పెట్టింది. నేను నవ్వలేదు. ఆ ఫొటోల్లో నా ముఖం అలాగే ఉంటుంది.

ఆ యాత్ర పేజీలు ఇప్పుడు చదివాను. గాలా దగ్గర 4,444 మెట్లు దిగడం, గుంజిలో రెండోసారి వైద్య పరీక్ష, నాభిఢాంగ్‌లో మబ్బు తొలగి ఓం పర్వతం కనబడిన క్షణం, రాత్రి రెండింటికి టార్చిలైటు వెలుగులో లిపులేఖ్‌కు బయలుదేరడం, అన్నీ ఉన్నాయి. ప్రతి శిబిరంలోనూ రాత్రి పడుకునే ముందు, పొద్దున లేచాక నాడి ఎంత కొట్టుకుంటోందో రాసుకుంది. పరుగు రోజుల అలవాటు అది. కైలాసం చుట్టూ తిరిగే దారిలోని దిరాపుక్‌లో, డోల్మా కనుమ ఎక్కబోయే ముందు రాత్రి, ఇలా ఉంది: "నాడి 96. తలనొప్పి లేదు. రేపు డోల్మా. గుర్రం వద్దని చెప్పాను. పిల్లకు కాళ్లు వాస్తున్నాయో లేదో. ధార్చూలాలో ఫోను దొరకగానే ముందు అదే అడగాలి."

ధార్చూలా నుంచి ఆమె ఫోను చేసిన మాట నాకు గుర్తుంది. "కాళ్లు వాచాయా?" అని అడిగింది. "నీకెందుకు?" అని పెట్టేశాను.

అక్షరలక్ష్మి
నాకు ఇంకేం రాయాలో తెలియడం లేదు. మీరు ఆ పేజీని కార్డులో వేయకపోయినా మీ పాపకు చూపించండి.

మెట్లదారి
ఐదు వేల ఆరు వందల మీటర్ల ఎత్తున్న కనుమ, 56వ ఏట, గుర్రం వద్దని చెప్పి. ఆ ఎత్తులో గాలిలో ప్రాణవాయువు మనం ఇక్కడ పీల్చేదానిలో సగమే. మా అన్నయ్య అక్కడ పది అడుగులకొకసారి ఆగాల్సి వచ్చిందని చెప్పాడు.

నల్లమల_నడక
నాడి రాసుకోవడం అనే విషయం మాత్రం అందరూ నేర్చుకోవాలి. ఎత్తైన చోట ఒళ్లు సర్దుకుంటోందో లేదో తెలుసుకోవడానికి సామాన్యుడి చేతిలో ఉన్న సులువైన కొలత అదే. పొద్దుటి నాడి రోజురోజుకూ పెరుగుతూ, తలనొప్పి తగ్గకపోతే పైకి వెళ్లకూడదు. ఆవిడది మొండి ధైర్యం కాదు, లెక్క ఉన్న ధైర్యం.

కృష్ణాతీరం
నా మొదటి పోస్టును వెనక్కి తీసుకుంటున్నాను. కార్డులోనే రాయండి. కాకపోతే ముందు ఆ నోటుపుస్తకం మేనమామగారి చేతిలో పెట్టండి.

పీఈటీ_మాస్టారు
కార్డులో విశేషణాలు వద్దు. "మహా సాహసి", "ధీర వనిత" లాంటివి రాస్తే "అన్నపూర్ణ" పక్కన మరో అలంకారం చేరుతుంది, అంతే. సంవత్సరం, దూరం, ఎత్తు, సమయం రాయండి. తెలిసినవాడికి అవే చాలు. తెలియనివాడు అడుగుతాడు.

గుంతకల్లు_గార్డు
ఏం జరిగిందో చెప్పండి. వారం అయింది.

బెజవాడ_రైలుబిడ్డ
నిన్న మా మేనమామ ఇంటికి వెళ్లి నోటుపుస్తకం ఇచ్చాను. కళ్లజోడు పెట్టుకుని మొదటి పేజీ నుంచి మొదలుపెట్టారు. గంటసేపు ఏమీ మాట్లాడలేదు. 1979 పేజీ దగ్గర ఆగి, "ఇది తప్పు" అన్నారు. నాకు గుండె ఆగినంత పనైంది. "మీ అమ్మ నిమిషం లోపు మొదటిసారి పరుగెత్తింది ఇది కాదు. అంతకు రెండేళ్ల ముందే, కాలవ గట్టు మీద. మీ తాత జేబు గడియారం నా చేతిలో ఉంది" అన్నారు.

అప్పుడు తెలిసింది. తెల్లవారుజామున ఎవరూ చూడకుండా అమ్మ గట్టు మీద పరుగెత్తుతుంటే, ఈయన సైకిల్ మీద ముందు వెళ్లి తుమ్మచెట్టు దగ్గర నిలబడి సమయం చూసేవారట. చెట్ల మధ్య దూరాన్ని తాతగారి పొలం కొలిచే గొలుసుతో ఇద్దరే కొలిచారట. ఊళ్లో ఎవరో చూసి తాతగారికి చెబితే, గడియారం దొంగిలించినందుకు దెబ్బలు తిన్నది ఈయన. పరుగెత్తినందుకు అమ్మను వారం రోజులు ఇంట్లోంచి కదలనివ్వలేదు. "ఆ మాటలు మళ్లీ ఎవరూ అనకూడదనే కార్డులో వద్దన్నాను" అన్నారు. నేను ఆయన్ను ఎంత తప్పుగా అర్థం చేసుకున్నానో.

ఇప్పుడు ఆయన కోరిక వేరేగా ఉంది. గట్టు మీద 59 సెకన్లే పట్టిందట, కార్డులో అదే వేయమంటున్నారు.

పీఈటీ_మాస్టారు
మేనమామగారికి నా నమస్కారాలు చెప్పండి. కానీ జేబు గడియారం సెకను ముల్లును సైకిల్ పక్కన నిలబడి చూసిన పిల్లవాడి లెక్కను ఏ పోటీ అధికారీ ఒప్పుకోడు. పోటీలో స్టాప్‌వాచీ మీద వచ్చిన 59.8 వేయండి. గట్టు పరుగును విడిగా, ఆయన పేరుతోనే, ఎక్కడైనా రాయించండి.

వరినాట్లు
మాస్టారి తీర్పు న్యాయంగా ఉంది. మేనమామగారి పేరు మాత్రం మరిచిపోవద్దు, దెబ్బలు తిన్నారు.

బెజవాడ_రైలుబిడ్డ
కార్డు ప్రెస్సుకు వెళ్లింది. "అన్నపూర్ణ" తీసేయలేదు, ఆ మాట మా నాన్నగారిది. దాని కింద నాలుగు వరుసలు ఉన్నాయి:

1979, 400 మీటర్లు, 59.8.
2006, సర్ పాస్, 13,800 అడుగులు.
2012, కైలాస పరిక్రమ, కాలినడక.
కాలవ గట్టు మీద తొలి పరుగులకు సమయం చూసినది ఆమె తమ్ముడు.

సాయంత్రం ప్రెస్సు అతను ఫోను చేశాడు. తిథి వేళ పన్నెండు గంటలని పైన ఉండగా, కింద ఈ 59.8 ఏ వేళ అని అడిగాడు. పక్కన "సెకన్లు" అని చేర్చమన్నాను.